కంటి క్యాన్సర్‌ను ముందే పట్టుకునే పరీక్షలు పెట్టించాలని వినతి

గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి,
రామగుండం-3 ఏరియా, సింగరేణి కాలరీస్ కంపెనీ.
ప్రతి: జిల్లా కలెక్టర్ గారు, పెద్దపల్లి.

అయ్యా,

కంటి శిబిరం అంటే మన దగ్గర శుక్లాలు, కళ్లజోళ్లే. కంటికీ క్యాన్సర్ వస్తుందన్న సంగతి సెంటినరీ కాలనీలోనూ, కల్వచర్ల, పన్నూరు వంటి ఊళ్లలోనూ చాలామందికి తెలియదు.

పిల్లలకు వచ్చేది ఎక్కువగా రెటినోబ్లాస్టోమా. దాదాపుగా అయిదేళ్లలోపే బయటపడుతుంది. సెల్‌ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీస్తే ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా కనబడుతుంది. కొందరిలో ముందు మెల్లకన్ను వస్తుంది. మెల్లకన్ను అదృష్టమని పెద్దలు మురిసిపోతారు, నెలలు గడిచిపోతాయి. కంటిలోనే ఉండగా పట్టుకుంటే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా బతుకుతారు, చాలామందికి కన్నూ మిగులుతుంది. నరం వెంట మెదడుకు పాకితే ప్రాణానికే ముప్పు. సుమారు 40 శాతం పిల్లల్లో ఇది వంశపారంపర్యంగా సంక్రమించగల రకం, కాబట్టి తోబుట్టువుల కళ్లూ చూడాలి. కనుగుడ్డు ఉన్నట్టుండి ముందుకు పొడుచుకొస్తే అది రాబ్డోమయోసార్కోమా అనే మరో క్యాన్సర్ కావచ్చు.

పెద్దల్లో కథ వేరు. కనురెప్ప మీద కురుపు కోయించినా మళ్లీ అక్కడే లేస్తుంటే, అది రెప్పలోని నూనె గ్రంథి క్యాన్సర్ కావచ్చు. తెల్లగుడ్డు మీద పెరిగేదాన్ని కండ అనుకుని చుక్కల మందుతో సరిపెడుతుంటారు. అదీ క్యాన్సర్ కావచ్చు; అందులో ఒక రకానికి ఏళ్ల తరబడి తగిలిన ఎండ కూడా కారణం. బొగ్గు దుమ్ముతో కంటి క్యాన్సర్ వస్తుందని మేం అనడం లేదు, దానికి మా దగ్గర రుజువు లేదు. ఓపెన్‌కాస్టులో షిఫ్టంతా ఎండలో నిలబడేవాళ్ల సంగతి మాత్రం మీకు తెలియనిది కాదు.

కొత్త భవనాలు అడగడం లేదు. టీకాలకు వచ్చిన ప్రతి బిడ్డ కంటిపాపలోకి ఆఫ్తాల్మోస్కోపుతో లైటు వేసి చూడాలి. రెండు నిమిషాల పని, ఏఎన్‌ఎంలకు తెల్లపాపను గుర్తుపట్టే శిక్షణ ఇస్తే సగం పని అక్కడే అయిపోతుంది. కార్మికులకు కాలానుగుణంగా చేసే వైద్య పరీక్ష (పీఎంఈ)లో చూపు పరీక్షతో ఆపకుండా రెప్ప తిప్పి చూడాలి. మళ్లీ లేచిన కురుపును కోస్తే ముక్కను తప్పక బయాప్సీకి పంపాలి. ఉపరితల కార్మికులకు అతినీలలోహిత కిరణాలను ఆపే కళ్లద్దాలు ఇవ్వాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది రిఫరల్. హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైమాటే. అనుమానం వచ్చిన రోజే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో ఉత్తరం రాసివ్వాలి. పర్మినెంట్, కాంట్రాక్ట్ అన్న తేడా లేకుండా దారిఖర్చు, కన్ను తీసేయాల్సి వచ్చిన పిల్లలకు కృత్రిమ కన్ను కంపెనీయే భరించాలి. ఎదిగే పిల్లలకు ఆ కన్నును మధ్యమధ్యలో మార్చాల్సి ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

వచ్చే టీకాల రోజు నుంచే పిల్లల కంటిపాప పరీక్ష మొదలుపెట్టించి, మిగతా కోరికలపై 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇప్పించగలరని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
రామగిరి మండల కార్మిక కుటుంబాలు