పరదేశియు ఉమ్మడి సంచియు

మన డోర్నకల్ అధ్యక్ష మండలములోని కుటుంబములు పంపు ప్రార్థన మనవులలో ఈ మధ్య 'వీసా' అను మాట తరచుగా కనిపించుచున్నది. ఇంగ్లాండులో వైద్యము ఉచితమనియు, పని లేనివారిని ప్రభుత్వమే పోషించుననియు మనవారు చెప్పుకొందురు. అక్కడివారిలో కొందరేమో వలస వచ్చినవారు తమ సొమ్ము తినిపోవుచున్నారని సణుగుదురు. రెండు మాటలును సగము సగమే.

1948లో ఆరంభమైన వారి జాతీయ ఆరోగ్య సేవ ప్రజల పన్నులతో నడుచుచున్నది. అందుకే 2015 నుండి వీసా కోరువారు ముందుగానే ఆరోగ్య రుసుము చెల్లించవలెను. అప్పుడు సంవత్సరమునకు 200 పౌండ్లు. 2024 ఫిబ్రవరి నుండి 1,035, విద్యార్థులకు 776. నర్సుల వంటి ఆరోగ్య సేవకులకు మినహాయింపు ఉన్నది. ఉద్యోగములో చేరినవారికి జీతములో పన్ను మామూలే. అయినను వీసా మీదనున్నంతకాలము అక్కడి ప్రభుత్వ భృతులలో అనేకము అడుగుటకు వీలులేదు.

అక్కడివారి భయమును మాత్రము మనము ఎగతాళి చేయరాదు. ఉమ్మడి సంచిలో వేయువారు తగ్గి, తీయువారు పెరిగిన ఎవరికైనను దిగులే. వయసులోనుండి పనిచేయువాడు వచ్చిన సంచి నిండును. భాష రాక, పని దొరకక ఇంట కూర్చున్నచో తరుగును. 2006 నుండి 2018 వరకు 25 దేశముల లెక్కలు చూచిన ఓ.ఇ.సి.డి. సంస్థ 2021లో ఏమి చెప్పినదనగా, వలస వచ్చినవారి వైద్యము, చదువు, భృతుల ఖర్చుకంటె వారు కట్టిన పన్నులే ఎక్కువ. రక్షణ మొదలగు ఉమ్మడి ఖర్చులలో వాటా వేసిన ఆ మిగులు బాగుగా తగ్గిపోవును. దోపిడియు కాదు, నిధియు కాదు.

రూతు మోయాబు స్త్రీ. పొలములో పరిగె ఏరుకొను హక్కు ధర్మశాస్త్రము పరదేశికిని ఇచ్చినది, గాని ఆమె ఉదయము నుండి వంగి ఏరుకొనవలసి వచ్చెను. మాకు ఆ ఏర్పాటు నచ్చును.

ఇక మన వాకిటి సంగతి. మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చువారు తమ రేషన్ కార్డుపై ఇక్కడి దుకాణములోనే కేంద్రపు బియ్యము తీసికొనవచ్చును. చాలమందికి ఈ సంగతి తెలియదు. పొలము యజమానులు చెప్పవచ్చును గదా! 2020 లాక్‌డౌన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వము వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించినది. అదియు ఉమ్మడి సంచిలోనిదే. 1912లో మన మొదటి బిషప్పైన అజరయ్యగారును తిరునెల్వేలి ప్రాంతము నుండి వచ్చి, తెలుగు నేర్చుకొన్నవారే.

పిల్లలను పంపు తలిదండ్రులు ఏజెంటు మాటతో సరిపెట్టుకొనక ఒక లెక్క వేసికొనవలెను. ఒక సంవత్సరపు ఎం.ఎస్. చదువునకు వీసా సుమారు పదిహేడు నెలలు ఇత్తురు. ఆరోగ్య రుసుము ఏడాదిన్నరకు లెక్కించి 1,164 పౌండ్లు ముందుగానే కట్టవలెను. వీసా ఫీజు వేరు.