పితికిపప్పు చిక్కనిపులుసు

పాఠక సోదరీమణులలో నొకరి కుమార్తె అమెరికాదేశమున బోస్టను నగరప్రాంతమున కాపురమున్నదట. అచ్చటి జనులు చలికాలమున మిక్కిలి ప్రీతితో భుజించు ‘క్లామ్ చౌడర్’ అను వెన్నవంటి పులుసును మన యిండ్లలో చేసికొను విధానము వ్రాయవలసినదని ఆ సోదరి కోరియున్నారు. ఈ మాసమున ఆ కోరికనే యీ శీర్షికకు విషయముగా గైకొంటిమి. అయితే మేముండునది పలమనేరు. సముద్రమునకు దూరముగా, మొగిలి కనుమ కెగువన నున్న మెట్టసీమ. ఇచ్చటి సంతకు రాగులు, వేరుసెనగలు, టమోటాలు వచ్చునుగాని సముద్రపు గుల్లలు రావు. కావున ముందుగా ఆ పరదేశపు పులుసు తత్త్వమెట్టిదో చెప్పి, పిదప దానికి దీటురాగల మా సీమవంటకమును వివరింతుము.

క్లాములనగా రెండు చిప్పల నడుమ మెత్తని మాంసము గల జలచరములు. మనవారు గుల్లలనియు ఆలిచిప్పలనియు వ్యవహరించు జాతిలోనివే. పులికాటు సరస్సునందును కాకినాడ తీరమునందును ఇట్టివి లభించును. ఐనను మెట్టసీమలవారికి వీని పరిచయము భోజనపాత్రమున గాక, గోడకు పూసిన గుల్లసున్నమునందే కలిగినది.

చౌడరు మొదట ధనికుల వంట కాదు. 1829వ సంవత్సరమున బోస్టనునందు లిడియా మరియా చైల్డ్ అను రచయిత్రి, ‘మితవ్యయ గృహిణి’ యను నర్థమిచ్చు పేరుతో, ఖర్చు తగ్గించుకొనవలసిన యిల్లాండ్రకై యొక గ్రంథమును ప్రకటించినది. అందలి చేపల చౌడరులో చేపలను, ఉల్లిపాయలను, ఉర్లగడ్డలను, గట్టి రొట్టెబిళ్లలను పేర్చి, పిండి కలిపిన నీటితో చిక్కపరచి యుడికింతురు. గుల్లలు కొన్ని చేర్చిన బాగుండునని మాత్రమే యామె సూచించినది. ఈమెయే 1833లో బానిసత్వమును ఖండించుచు మరియొక గ్రంథమును వ్రాసెను. వంటయింటి లెక్కలు వ్రాసిన కలమే మనుష్యులను క్రయవిక్రయములు చేయు దుర్మార్గమును గూడ నెదిరించినదని మన సోదరీమణులు గుర్తింపవలెను. 1851లో వెలువడిన హెర్మన్ మెల్విల్ గారి ‘మోబీ డిక్’ అను నవలలో నీ పులుసు పేరిట నొక యధ్యాయమే కలదు.

నేడు ప్రసిద్ధమైన పాలచౌడరు చేయు విధము సంగ్రహముగా నిది. గుల్లలు ప్రాణముతో నున్నవై యుండవలెను. నోరు తెరచియున్నదానిని వ్రేలితో తట్టిన మూసికొననిచో దానిని పారవేయవలెను. ఉప్పునీట నుంచి యిసుక పోగొట్టి, కొలది నీటిలో మూతవేసి యావిరిపై నుడికింపవలెను. ఉడికిన పిమ్మటను నోరు విప్పనివానిని తినరాదు. ఆ నీటిని పలుచని గుడ్డతో వడియగట్టి యుంచుకొనవలెను. వెన్నలో ఉల్లిపాయలు మగ్గించి, కొంచెము గోధుమపిండి చల్లి, ఆ నీరును ఉర్లగడ్డ ముక్కలును వేసి, ముక్కలు మెత్తబడినపిదప సన్నని సెగమీద పాలు, మీగడ పోయవలెను. మాంసమును కడపట వేసి వెంటనే దింపవలెను. తెర్లనిచ్చినచో పాలు విరుగును, మాంసము తోలువలె సాగును. సముద్రతీరమున నున్న మాంసాహారులగు సోదరీమణులు దీని నిట్లే చేసికొనవచ్చును.

ఇందలి కీలకములు మూడు. పులుసులో కరగి చిక్కదన మిచ్చు పిండిపదార్థ మొకటి. నాలుకకు నునుపునిచ్చు కొవ్వు రెండవది. కడపట మందమైన సెగ మూడవది. ఈ మూడును తెలిసిన యిల్లాలు గుల్లలు లేకయు అట్టి పులుసును చేయగలదు. గుల్లకు బదులు మాకు దైవమిచ్చినది అనపకాయ.

అనప మా మెట్టచేలలో వేరుసెనగతోను రాగితోను కలిపి వానకాలమున విత్తు పైరు. పగలు కుఱుచయై రాత్రి దీర్ఘమైనగాని యిది పూతకు రాదు. అందుచేతనే యెప్పుడు విత్తినను మార్గశిర పుష్యమాసములలో, సంక్రాంతినాటికి, కాయ చేతికి వచ్చును. మంచు కురిసినకొలది కాయకు పరిమళము హెచ్చునని రైతులందురు. ఈ గింజను నానబెట్టి, తొక్కనుండి పప్పును జారదీసినదే పితికిపప్పు. ఆవు పొదుగునుండి పాలు తీయుటకును గింజనుండి పప్పు తీయుటకును మన భాషలో పితుకుట యన్నది యొక్కటే మాట. మా పొరుగున కన్నడులు ‘హితికిదబేళె’ యనియు, అరవవారు ‘పిదుక్కుపరుప్పు’ అనియు నిదేమాటతో పిలుతురు. మూడు భాషలు కలియు సీమలో మూడు వంటయిండ్లును నొకే గింజను పితుకుచున్నవి.

ఇక ఆరుగురికి చాలునట్టి కొలతలు. పితికినపప్పు 300 గ్రాములు, నడితరము ఉర్లగడ్డలు 2, ఉల్లిపాయలు 2, ఒక టెంకాయ, గసగసాలు 2 చిన్నచెంచాలు, అంగుళమంత అల్లము, పచ్చిమిరపకాయలు 4, నెయ్యి 2 పెద్దచెంచాలు, మిరియాలపొడి అరచెంచా, పసుపు చిటికెడు, కొత్తిమిర, ఉప్పు, ఒక నిమ్మపండు. కాయలు కొనునప్పుడు ఒలిచిన గింజలు కాయల తూకములో సగమునకు మించవనియు, తొక్క తీసిన మరికొంత తగ్గుననియు నెరిగి, కిలోకు తక్కువ కాకుండ తెచ్చుకొనవలెను.

గింజలను రాత్రియంతయు నానబెట్టి, ఉదయమున నీరు మార్చి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నుంచి యొకకొనను నొక్కినచో పప్పు తనంత జారివచ్చును. తొక్కలు పశువులకు వేయవచ్చును. టెంకాయ తురిమి, కొంచెము వేడినీరు చేర్చి రుబ్బి, పిండగా వచ్చిన చిక్కనిపాలను వేరుగా నుంచుకొనవలెను. ఆ పిప్పినే మరల నీటితో రుబ్బి, రెండవపాలు రెండు గ్లాసులు తీయవలెను. గసగసాలను వేడినీట నానవేయవలెను.

అడుగు మందమైన పాత్రలో నెయ్యి కాచి, ఉల్లిపాయలను ఎఱ్ఱబారనీయక మగ్గింపవలెను. సన్నగా తరిగిన అల్లము, పచ్చిమిరపకాయలు వేసి, పచ్చివాసన పోయినపిదప చిన్నముక్కలుగా కోసిన ఉర్లగడ్డలు, పసుపు, రెండవపాలు, మూడు గ్లాసుల నీరు చేర్చవలెను. ముక్కలు సగము ఉడికినపుడు పప్పు వేయవలెను. పైకి వచ్చు నురుగును గరిటెతో తీసివేయుచు, పదునైదు నిమిషము లుడికించిన పప్పు వ్రేళ్ల నడుమ నలగును. ఈ పప్పు మిక్కిలి లేతది గావున కుక్కరునందు పెట్టినచో చిదికిపోవును. ఇప్పుడు పప్పును ముక్కలను ఒక గరిటెడు తీసి, గసగసాలతో చేర్చి మెత్తగా నూరి, మరల పాత్రలో కలుపవలెను. చిక్కదనము పప్పునుండియే వచ్చును గాన వేరుపిండి యక్కరలేదు. ఉప్పు వేసి, సెగ బాగుగా తగ్గించి, చిక్కని టెంకాయపాలు పోసి, ఆవిరి లేచువరకు మాత్రమే కలియబెట్టి దింపవలెను. ఇవియు తెర్లినచో విరుగును. మిరియాలపొడి, కొత్తిమిర చల్లి, వడ్డించునప్పుడు గిన్నెలో నిమ్మరసము పిండవలెను.

ఆ చిక్కనిపులుసును వేడివేడి రాగిసంగటితో గాని, దోసెలతో గాని, అన్నముతో గాని తినవచ్చును. చింతపండు లేక పులుసేమని పెద్దలు శంకించినచో, చింతపండు రసమును పప్పు పూర్తిగా నుడికినపిమ్మటనే చేర్చి, టెంకాయపాలకు బదులు ఎండుకొబ్బెర నూరి వేయుడు. పులుపు ముందుగా చేరిన ఏ పప్పును మెత్తబడదు.

ఒక హెచ్చరిక. పచ్చిగింజలు దొరకని నెలలలో ఎండిన అనుములతో దీనిని చేయదలచువారు, వానిని రాత్రియంతయు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, క్రొత్తనీటిలో మూత తీసి బాగుగా నుడికింపవలెను. ఎండిన అనుములలో విషస్వభావముగల పదార్థము కొంత యుండును. నానుటచేతను ఉడుకుటచేతను అది తొలగును. సగ ముడికిన యనుములు ఎవ్వరును తినరాదు, పిల్లలు అసలే తినరాదు.

ఇంక చెప్పవలసినది పొయ్యికి సంబంధించినది కాదు, పంక్తికి సంబంధించినది. 300 గ్రాముల పప్పు పితుకుటకు ఒంటరి స్త్రీకి చాల సేపు పట్టును. పండుగకు బంధువులు వచ్చిన యింట సేరులకొలది పితుకవలెను. గోళ్లు నొచ్చును, వ్రేళ్లు చీకిపోవును. రాత్రి వాకిట కూర్చుండి పితికిన కోడలు మరునాడు అందరికి వడ్డించి, తుదకు తన వంతునకు అడుగున మిగిలిన నీళ్లపులుసుతో సంగటి ముగించుట మనము చూడనిది కాదు. దానినే గృహిణీధర్మమని పొగడుటయు వినుచున్నాము.

మేము దీనిని ధర్మమని యంగీకరింపజాలము. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనమున, మనదేశమున 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. దానికి కారణములు పెక్కులు కలవు. కడపట మిగిలినది తినుట వానిలో నొకటి. క్లాములలో నినుము సమృద్ధిగా నుండును. పప్పుధాన్యములలోను ఇనుము కలదుగాని దేహము దానిని సులభముగా గ్రహింపదు. నిమ్మరసము చేరినచో నా గ్రహణము హెచ్చును. భోజనమువెంటనే కాఫీ, తేనీరు త్రాగినచో తగ్గును. పైని నిమ్మపండును రుచికి మాత్రమే చెప్పలేదు. కాని పప్పంతయు మొదటి పంక్తిలోనే చెల్లిపోయిన, నిమ్మపండు మాత్ర మేమి చేయగలదు?

అందుచేత రెండు నియమములు సూచించుచున్నాము. పితుకుట యింటిల్లిపాది పని కావలెను. మా యింట మాష్టరుగారు సాయంకాలము పిల్లలచే ఎక్కములు చెప్పించుచు తామును పితుకుదురు. పండ్రెండవ యెక్కము ముగియునప్పటికి గిన్నె సగము నిండును. మగపిల్లలకు చిన్ననాడే ఆ పని యలవడును. రెండవది, వడ్డనకు ముందే ఇంటనున్న వారెందరో అన్ని గిన్నెలలో పులుసును సమముగా పోసి మూతలు పెట్టుడు. గరిటెను అడుగువరకు పోనిచ్చి కలిపి పోయుడు. వండినయామె గిన్నెయు వానిలో నుండవలెను. అత్తగారలు ఈ యేర్పాటును తామే చేసినచో కోడండ్రకు అడుగవలసిన సంకోచ ముండదు.

బజారులో పితికినపప్పు కొనువారికిని ఒక మాట. కాయలధరకును పప్పుధరకును గల వ్యత్యాసము చూచి బేరమాడుటకు ముందు, అది తొక్కల తరుగుతోపాటు మరియొక స్త్రీ వ్రేళ్ల కష్టమునకు వెలయని తలపవలెను. ఆమె యింటను పండుగ యున్నది.

అనపకాయల కాలము స్వల్పము. శివరాత్రికి చలి తగ్గగా కాయయు ముదురును, పరిమళమును పోవును. ఈలోపున నీ పులుసును చేసి చూచిన సోదరీమణులు, తమ ప్రాంతమున దీనికి చేయు మార్పులను మాకు వ్రాయగలరు. వచ్చు మాసమున ఎండబెట్టిన అనపపప్పును వర్షకాలమువరకు పురుగు పట్టకుండ కాపాడు విధమును తెలుపుదుము.