బరువు తగ్గించడం: లంఘనమా? శోషణమా?

ఆకలిని, దప్పికను బలవంతంగా ఆపరాదని ఆయుర్వేదం స్పష్టంగా చెప్పింది. ఆపకూడని పదమూడు వేగాలలో మలమూత్రాలు, నిద్ర మొదలైన వాటితోపాటు ఈ రెండింటినీ చరకుడు చేర్చాడు. అయితే బరువు తగ్గే ప్రయత్నంలో నేడు మన ఇండ్లలో మొట్టమొదట ఆపుతున్నవి ఈ రెండే. పెండ్లి కుదిరిన పిల్ల రాత్రి భోజనం మానివేస్తుంది. వారంలో నాలుగు కిలోలు తగ్గిందని తల్లి సంతోషిస్తుంది. తగ్గినది కొవ్వా, నీరా, కండరమా అని అడిగేవారు అరుదు. ఈ ప్రశ్నకు సమాధానం వంటింట్లో కంటె బాక్సింగు బరిలో స్పష్టంగా కనబడుతుందని నా అభిప్రాయం.

బాక్సింగులో సమాన బరువు గలవారే తలపడాలన్నది నియమం. అందుకే బరువు తరగతులు ఏర్పడ్డాయి. వృత్తి బాక్సింగులో సాధారణంగా పోటీకి ముందురోజే బరువు చూస్తారు. ఒలింపిక్ తరహా పోటీలలో పోటీ రోజు ఉదయమే చూస్తారు. త్రాసు దిగిన కొద్ది గంటలలోనే బరిలోకి దిగవలసి ఉంటుంది. భారీకాయులకు కిలో ఎక్కువైనా తక్కువైనా పెద్ద లెక్క కాదు. యాభై కిలోల మనిషికి అదే కిలో శరీరంలో నూటికి రెండు వంతులు. కనుక తక్కువ బరువు తరగతులలోనే త్రాసు బాధ ఎక్కువ.

మన నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ క్రీడాజీవితం దీనికి చక్కని ఉదాహరణ. 1996లో జన్మించిన ఆమె 2011లోనే టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత అయినది. 2017లో భుజానికి గాయమై చాలాకాలం పోటీలకు దూరమైనది. తేరుకొని వచ్చి, 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేతగా నిలిచినది. ఒలింపిక్స్‌లో ఆ తరగతి లేదు. 50 కిలోలకు దిగాలి, లేదా 54కు ఎక్కాలి. ఆమె దిగడానికే నిశ్చయించుకున్నది. 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలోను, 2023లో ఢిల్లీ ప్రపంచ పోటీలలోను 50 కిలోల తరగతిలోనే స్వర్ణం సాధించినది. కాబట్టి బరువు తగ్గితే గెలవలేరని నేను అనడంలేదు. తగ్గిన ప్రతిసారీ శరీరం మూల్యం చెల్లిస్తుందని మాత్రమే నా మనవి.

ఆ మూల్యం 2024 ఆగస్టు 1న పారిస్‌లో బయటపడినది. చైనాకు చెందిన వూ యూ చేతిలో నిఖత్ ఓడిపోయినది. బరువు అదుపులో ఉంచడానికి రెండు రోజులు ఆహారం తీసుకోలేదని, బరువు చూసిన తరువాతనే నీరు త్రాగానని, తేరుకొనే వ్యవధి లేకపోయిందని ఆమె స్వయంగా చెప్పినది. ప్రత్యర్థి బలవంతురాలే, ఆ తరగతిలో స్వర్ణం ఆమెదే. అయినా రెండు రోజులు ఎండిన శరీరంతో, మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు అటువంటి ప్రత్యర్థిని ఎదుర్కోవడం ఎంత కష్టమో పాఠకులు ఊహించగలరు. ఆ వారంలోనే కుస్తీలో వినేశ్ ఫోగాట్ నూరు గ్రాములు ఎక్కువ తూగిందని ఫైనల్‌కు ముందు అనర్హురాలైన సంగతి అందరికీ తెలిసినదే.

నీరు తగ్గితే రక్తం పరిమాణం తగ్గుతుంది. గుండె వేగంగా కొట్టుకొనవలసి వస్తుంది. చెమట ద్వారా వేడిని బయటకు పంపే శక్తి సన్నగిల్లుతుంది. ఇది ప్రాణాంతకం కూడా కాగలదు. 1997 నవంబరు, డిసెంబరు నెలలలో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు ఇలా బరువు తగ్గించుకొంటూనే మరణించారు. దీర్ఘకాలం అర్ధాకలితో శ్రమించే ఆడపిల్లలలో నెలసరి నిలిచిపోవడం, ఎముకలు పలచబడటం కూడా వైద్యులు గుర్తించినవే.

లంఘనం పరమౌషధం కదా, ఉపవాసమూ పిపాసానిగ్రహమూ దానిలో భాగాలే కదా అని కొందరు ప్రశ్నించవచ్చు. నిజమే. కాని అవి స్థూలకాయులకు, కఫాధిక్యం గలవారికి, బలం చూచి, వైద్యుని పర్యవేక్షణలో చేయించవలసినవి. సన్నని శరీరం గలవారికి వర్తించవు. మితిమీరిన లంఘనం వల్ల కీళ్ళనొప్పులు, నోరెండిపోవడం, బలహీనత, చూపు వినికిడి మందగించడం కలుగుతాయని చరకమే హెచ్చరించినది. చూపు మందగించిన వ్యక్తిని పిడికిళ్ళ ముందు నిలబెట్టడం ఏ శాస్త్రం? ఇది లంఘనం కాదు, శోషణం.

మా అమ్రాబాద్ ప్రాంతంలో పిల్లలు సహజంగానే సన్నగా, చురుకుగా ఉంటారు. నిఖత్‌ను చూచి ఆటలలోకి వెళ్ళాలనుకొనే ఆడపిల్లల తల్లిదండ్రులకు నా సలహా ఇది. పిల్ల కడుపునిండా తిని, తగినంత నిద్రపోయి, రెండు మూడు నెలలు వ్యాయామం చేసిన తరువాత స్థిరంగా నిలిచే బరువేదో అదే ఆమె తరగతిగా భావించండి. త్రాసుకోసం నీరు మానిపించవద్దు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, మజ్జిగ, రాగి అంబలి మానిపించవద్దు. నల్లమల చెంచులు తెచ్చే తేనె మంచిదే. కాని సన్నబడటానికని కాగిన నీళ్ళలో కలిపి, దానినే భోజనంగా ఇవ్వవద్దు. వేడిచేసిన తేనె హితం కాదన్నది శాస్త్రవచనం. పరిస్థితుల వల్ల ఎప్పుడైనా శరీరం ఎండితే, ఒక్కసారిగా ఘనాహారం పెట్టక, ఉప్పు కలిపిన గంజి, పలుచని మజ్జిగతో మొదలుపెట్టి క్రమంగా అన్నానికి రావాలి. మూత్రం ముదురురంగులో ఉన్నా, కళ్ళు తిరిగినా, నెలసరి తప్పినా ఆట ఆపి వెంటనే వైద్యునికి చూపించాలి.

2025 నుండి మహిళల బాక్సింగులో 51 కిలోల తరగతి మళ్ళీ వచ్చినది. ఆ ఏడాది నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో నిఖత్ ఆ తరగతిలోనే స్వర్ణం గెలిచినది. తరగతులను నిర్ణయించే సంస్థలు బరువుల మధ్య అంతరాన్ని తగ్గిస్తే, శిక్షకులు త్రాసుకంటె ముందు పిల్ల ముఖాన్ని చూస్తే, ఈ శోషణం చాలావరకు తప్పుతుంది. ఇంట్లో మాత్రం ఆ బాధ్యత తల్లిదే.