మంచు లోయలో వృద్ధుల గూడు

వార్ధక్యంలో పౌరునికి రాజ్యం ఆసరాగా నిలవాలని రాజ్యాంగం 41వ అధికరణం నిర్దేశిస్తున్నది. ఆ ఆదర్శానికి రూపమివ్వడానికి పార్లమెంటు 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని ఆమోదించింది. దాని 19వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాలు అందుబాటైన చోట్ల వృద్ధాశ్రమాలు నెలకొల్పవచ్చును. తొలి విడతగా జిల్లాకు ఒకటైనా ఉండాలి. అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు వసతి ఉండాలి. 'నెలకొల్పవలెను' అనక 'నెలకొల్పవచ్చును' అనడంలో ఎంత వెసులుబాటు ఉన్నదో శాసన భాష ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ మాట అటుంచి, అంకె సంగతి చూద్దాం. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహుల్-స్పితి జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 31,564. చదరపు కిలోమీటరుకు ఇద్దరు. జిల్లా కేంద్రం కేలాంగ్ లాహుల్ వైపున ఉన్నది. స్పితికి ముఖ్యస్థానమైన కాజా 3,600 మీటర్లకు పైబడిన ఎత్తున, కుంజుమ్ కనుమకు ఆవల ఉన్నది. 2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగం లాహుల్‌కు శీతకాలపు ద్వారం తెరిచింది, స్పితికి తెరవలేదు. కుంజుమ్ మంచుతో మూతపడే నెలలలో కాజా వాసి తన జిల్లా కేంద్రానికి చేరాలంటే కిన్నౌర్ మీదుగా దిగి, వందలాది కిలోమీటర్లు చుట్టి, మనాలి దారిన మళ్లీ కొండ ఎక్కాలి. జిల్లాకు ఒకటి అన్న సూత్రాన్ని ఇక్కడ అక్షరాలా అమలు జరిపితే స్పితి వృద్ధునికి దక్కేది ఆశ్రయం కాదు, ప్రవాసం.

విచిత్రమేమంటే, వృద్ధులకు స్వతంత్ర నివాసమన్న ఆలోచన స్పితికి కొత్తది కాదు. పెద్ద కుమారుడు సంసార భారం స్వీకరించగానే తల్లిదండ్రులు ఖాంగ్‌చెన్ అనే పెద్ద ఇంటిని అతనికి విడిచి, కొద్దిపాటి పొలంతో ఖాంగ్‌చుంగ్ అనే చిన్న గృహానికి మారడం అక్కడి పూర్వాచారం. అది వెలివేత కాదు. ఎవరి పొయ్యి వారిదే. కేక వేస్తే పలికేవారు ఉంటారు. నేడు చదువులకు, ఉద్యోగాలకు యువతరం కులూ, సిమ్లా, చండీగఢ్ చేరుతున్నది. గృహం మిగిలింది, కేకకు పలికేవారు తగ్గుతున్నారు.

కనుక అక్కడ కావలసినది 150 మంది పట్టే భవనం కాదు. ఊరిలోనే, ఆరోగ్య కేంద్రానికి చేరువలో, నాలుగైదు చిన్న గృహాలు. మందమైన మట్టి గోడలు, దక్షిణపు ఎండ పట్టే కిటికీలు, శీతకాలానికి సరిపడా వంటచెరకు, రోజూ వచ్చి యోగక్షేమాలు విచారించే ఒక ఉద్యోగి. నిర్మాణానికి అనువైన కాలం ఏటా అయిదారు నెలలే. ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరపు నిధులు ఢిల్లీ నుంచి సిమ్లాకు, సిమ్లా నుంచి కాజాకు చేరేలోగా మంచు పడితే ఆ సంవత్సరం వృథా అయినట్టే.

ఇంతటి సూక్ష్మాన్ని రాజధాని ఎందుకు పట్టించుకోదు? మండీ లోక్‌సభ నియోజకవర్గంలోని 17 అసెంబ్లీ స్థానాలలో లాహుల్-స్పితి ఒకటి. వోటర్ల సంఖ్యలో రాష్ట్రం మొత్తం మీద అతి చిన్నది. వోట్ల తూకంలో తేలిపోయే ప్రాంతం. 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు సైతం 2024లో సభ రద్దు కావడంతో మురిగిపోయింది.

ఇది ఎక్కడి లోయ గొడవో అని మనం ఊరుకోరాదు. లాహుల్-స్పితి వలెనే మన పాడేరు, ఉట్నూరు ఏజెన్సీలు కూడా రాజ్యాంగం ఐదవ షెడ్యూలు పరిధిలోనివి. అదే చట్టం, అదే అంకె అక్కడికీ వర్తిస్తాయి. సవరణ బిల్లు మళ్లీ సభ ముందుకు వచ్చిననాడు, 150 అన్న అంకెను తొలగించి, కొండ ప్రాంతాల వృద్ధులకు స్వగ్రామంలోనే గూడు కల్పించడం ప్రభుత్వ విధిగా చేర్చవలసిందని తెలుగు సభ్యులు పట్టుబట్టాలి. పుట్టిన ఊరిలో కన్నుమూయాలన్న కోరికకు శాసనంలో చోటు లేకపోతే, 41వ అధికరణం పుస్తకంలోనే మిగిలిపోతుంది.