కొండింటికి ఏ బాక్సు?

అరకు సంతలో చింతపండు, పసుపు అమ్మగా వచ్చిన డబ్బు నెలనెలా టీవీ రీచార్జికి పోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు నెలచందా లేదు. డిష్, బాక్సు ఒక్కసారి కొంటే చాలు. తెలుగు సీరియళ్ల ఛానళ్లు అందులో తక్కువే, అది ఒప్పుకోవాలి. కొనేటప్పుడు ఎంపెగ్-4 బాక్సే అడగండి. ఎంపెగ్-2లో కొన్ని ఛానళ్లు రావు. డిష్‌ను ఆగ్నేయం వైపు తిప్పినప్పుడు ఎదుట సిల్వర్ ఓక్ కొమ్మ ఒక్కటి అడ్డున్నా బొమ్మ ముక్కలవుతుంది.

2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన బైండ్ పథకంలో మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకు 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ బాక్సులు ఉచితంగా ఇస్తామన్నారు. మన మన్యానికి వచ్చినవెన్నో, ఏ గూడేనికి ఇచ్చారో అధికారులు గ్రామ సచివాలయం గోడ మీద రాసిపెట్టాలి.