వరుస తప్పిన కథ, వేళ తప్పిన తీర్పు

ఒక వారపత్రిక సంపాదకుడు కొత్త ధారావాహికను ఇలా అచ్చువేశాడనుకోండి. మొదటి వారం రెండవ భాగం వేశాడు. రెండవ వారం మూడవ భాగం. మూడవ వారం ఏకంగా ఆరవ భాగం. ఆ తరువాతి వారం ఆటల పోటీల విశేషాలకు చోటు కావాలని అసలేమీ వేయలేదు. మూడు భాగాలను సొరుగులోనే ఉంచేశాడు. చిట్టచివరి భాగం వేసిన మరుసటి వారం మొదటి భాగం వేసి, పాఠకాదరణ లేదన్న కారణంతో ధారావాహికకు మంగళం పాడాడు. వారం వారం సీరియల్ కోసం అంగడి ముందు నిలబడిన తరాలు మనవి. అటువంటి సంపాదకుణ్ణి మన పాఠకులు ఊరకే వదిలిపెట్టేవారా?

అమెరికాలో ఫాక్స్ టెలివిజన్ సంస్థ 2002లో అచ్చంగా ఇదే పని చేసింది. ఆ ధారావాహిక పేరు 'ఫైర్‌ఫ్లై'. సృష్టికర్త జాస్ వీడన్. తీసినవి పద్నాలుగు భాగాలు. ఆనాడు ప్రసారమైనవి పదకొండు. దాని గురించి వ్రాయవలసినది చాలా ఉన్నా, ఇక్కడ నా ఫిర్యాదు ఒక్క విషయానికే పరిమితం. ఒక కథను ఏ వేళకు, ఏ వరుసలో చూపాలన్నది గుమాస్తా పని కాదు. అది కథలో భాగం. దానిని చెడగొట్టినవారికి, ఆ తరువాత ప్రేక్షకుల పేరిట తీర్పు చెప్పే హక్కు లేదు.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఇప్పటికి అయిదు వందల ఏళ్ల తరువాతి కాలం. మనుషులు భూమిని విడిచి మరొక గ్రహకూటమిలో స్థిరపడ్డారు. అక్కడ ఒక అంతర్యుద్ధం జరిగింది. అందులో ఓడిపోయిన పక్షాన పోరాడిన సార్జెంటు మాల్కమ్ రెనాల్డ్స్ ఒక పాత సరుకుల నౌకను కొనుక్కుని, దొంగరవాణాతోనో, దొరికిన చిన్నాచితకా పనులతోనో పొట్టపోసుకుంటూ ఉంటాడు. నౌకలో మొత్తం తొమ్మిదిమంది. రోదసిలో సాగే కౌబాయ్ కథ అనవచ్చు. అయితే దాని బలం తుపాకులలో లేదు. ఒకే కప్పు కింద తలదాచుకున్న ఆ తొమ్మిదిమంది మధ్య నెమ్మదిగా అల్లుకునే నమ్మకంలో ఉంది.

ఆ అల్లికకు పునాది 'సెరెనిటీ' అనే రెండు గంటల తొలిభాగం. మాల్కమ్ ఓడిపోయిన యుద్ధరంగంతో అది మొదలవుతుంది. తన నౌకకు ఆ యుద్ధరంగం పేరే ఎందుకు పెట్టుకున్నాడో, దేవుడి మాట ఎత్తితే ఎందుకు మండిపడతాడో అక్కడే తెలుస్తుంది. సైమన్ అనే యువవైద్యుడు ఒక పెద్ద పెట్టెతో నౌక ఎక్కుతాడు. ఆ పెట్టెలో ఏముందన్నదే మొదటి గంటంతా మనల్ని పట్టి ఉంచే ప్రశ్న. అందులో ఉన్నది అతని చెల్లెలు రివర్. ప్రభుత్వ ప్రయోగశాల నుండి తప్పించి తెచ్చిన పిల్ల. ఈ అన్నాచెల్లెళ్లను నౌకలో ఉండనివ్వాలా, దించివేయాలా అన్న మీమాంసతో కథకు పునాది పడుతుంది.

ఫాక్స్ అధికారులకు ఈ తొలిభాగం నచ్చలేదు. నాయకుడు మరీ ముభావంగా ఉన్నాడన్నారు, చురుకుదనం చాలదన్నారు. ఒక్క వారాంతంలో కొత్త ప్రారంభం వ్రాసి ఇమ్మన్నారు. వీడన్, టిమ్ మినియర్ కలసి రెండు రోజులలో 'ద ట్రెయిన్ జాబ్' వ్రాసి ఇచ్చారు. సెప్టెంబరు 20న ప్రేక్షకులు మొదట చూసినది దానినే. అది చెడ్డ భాగమేమీ కాదు. కానీ అప్పటికే పరిచయమైపోయిన తొమ్మిదిమందిని, పరిచయం లేని జనానికి హడావుడిగా మళ్లీ పరిచయం చేయవలసి వచ్చింది. పెట్టెలోని రహస్యం పెట్టె తెరవకుండానే అందరికీ చెప్పేసినట్టయింది.

తరువాతి వరుస చూడండి. ఆరవదిగా వ్రాసిన 'అవర్ మిసెస్ రెనాల్డ్స్' మూడవదిగా వచ్చింది. నాలుగవదిగా వ్రాసిన 'షిండిగ్' ఆరవదిగా వచ్చింది. ఆ 'మిసెస్ రెనాల్డ్స్' తిరిగి వచ్చే 'ట్రాష్' అనే భాగం ఆనాడు ప్రసారమే కాలేదు. చివరిదిగా ఉద్దేశించిన 'ఆబ్జెక్ట్స్ ఇన్ స్పేస్' డిసెంబరు 13న వచ్చింది. ఆ మరుసటి శుక్రవారం, డిసెంబరు 20న, తొలిభాగం 'సెరెనిటీ' వచ్చింది. అప్పటికే ధారావాహిక రద్దయిపోయింది. పట్టాభిషేకం అయిన మర్నాడు పుత్రకామేష్టి చేయించిన చందం!

ఇక వేళ సంగతి. శుక్రవారం రాత్రి ఎనిమిది గంటలు. ప్రకటనలు ఇచ్చే కంపెనీలు డబ్బు పోసేది ముఖ్యంగా పద్దెనిమిది నుండి నలభై తొమ్మిది ఏళ్లలోపు వీక్షకుల కోసం. వారిలో కుర్రకారు శుక్రవారం రాత్రి ఇంట్లో ఉండేది తక్కువ. కొత్త కథకు నెల తిరగకముందే అక్టోబరులో బేస్‌బాల్ పోటీలు వచ్చి దాని వేళను ఆక్రమించాయి. ఒక వారం ఉండి, ఒక వారం లేకుండా పోయే కథకు కొత్త వీక్షకుడు అలవాటుపడేది ఎట్లా?

ఇది ఫాక్స్ కనిపెట్టిన విద్య కాదు. 'స్టార్ ట్రెక్' అభిమానులు 1967-68 శీతాకాలంలో ఎన్‌బీసీ సంస్థకు వేల ఉత్తరాలు వ్రాసి మూడవ సంవత్సరపు ప్రసారాన్ని సాధించుకున్నారు. సంస్థ మొదట సోమవారం రాత్రి ఏడున్నర ఇస్తానని, చివరకు శుక్రవారం రాత్రి పది గంటలకు నెట్టింది. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ మనసు విరిగి రోజువారీ నిర్మాణం నుండి పక్కకు తప్పుకున్నాడు. 1969లో డెబ్బై తొమ్మిదవ భాగంతో కథ ముగిసింది. తరువాత అవే భాగాలను స్థానిక స్టేషన్లు సాయంత్రం వేళల్లో పునఃప్రసారం చేస్తే జనం విరగబడి చూశారు. కథ మారలేదు, నటులు మారలేదు. మారింది గడియారం ఒక్కటే.

ప్రసార సంస్థల వాదన కూడా వినడం న్యాయం. రోజుకు ఇరవై నాలుగు గంటలే. రాత్రివేళ ఉన్న కొద్ది గంటలనూ అమ్ముకునే బతకాలి. వారు కళాపోషణకు కూర్చున్న జమీందారులు కారు. పైగా శుక్రవారం శాపగ్రస్తమైన రోజేమీ కాదు. అదే ఫాక్స్‌లో 1993లో మొదలైన 'ద ఎక్స్ ఫైల్స్' శుక్రవారాలలోనే బలపడి, 1996లో ఆదివారానికి మారింది. నిజమే. కానీ ఈ ఉదాహరణ వారి పక్షాన కన్నా నా పక్షానే ఎక్కువగా మాట్లాడుతుంది. ఆ కథకు సంవత్సరాల తరబడి అదే రోజు, అదే వేళ దక్కాయి. జనం వెదుక్కుంటూ వచ్చేదాకా అది చోటు కదలలేదు.

ఎన్‌బీసీలో 1982లో మొదలైన 'చీర్స్' మొదటి ఏడాది రేటింగుల పట్టికలో అట్టడుగున ఉండేది. సంస్థ ఓపిక పట్టింది. అది పదకొండు సంవత్సరాలు నడిచి, 1993లో ముగిసేనాటికి అమెరికా హాస్య ధారావాహికలలో పెద్దపేరుగా నిలిచింది. తొలినాళ్లలో అంతంతమాత్రంగా నడిచిన 'సైన్‌ఫెల్డ్' అదే 1993లో గురువారం 'చీర్స్' వెనుక స్థానం దొరికాక అందనంత ఎత్తుకు వెళ్లింది. వేళ విలువ ప్రసార సంస్థలకు తెలియదనడానికి వీలులేదు. వారికి బాగా తెలుసు. అందుకే చంపదలచుకున్నప్పుడు కూడా ఆ ఆయుధాన్నే వాడతారు. 2006 ఫిబ్రవరి 10న ఫాక్స్ 'అరెస్టెడ్ డెవలప్‌మెంట్' చివరి నాలుగు భాగాలను ఒకే రాత్రి వరుసగా కుమ్మరించింది. ఆ రాత్రే మరొక ఛానెల్లో శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం!

మన ఇళ్లలో కూడా ఈ వ్యవహారం పరిచితమే. టీఆర్‌పీ తగ్గిన సీరియల్‌ను రాత్రి వేళ నుండి మధ్యాహ్నానికి తరిమి, అక్కడ ఇంకా తగ్గాక "ఆదరణ లేదు" అనడం తెలుగు ఛానెళ్లు ఎరుగని పని కాదు. దీనికి ఎదురు సాక్ష్యమూ మన దగ్గరే ఉంది. దూరదర్శన్ 1987 జనవరి నుండి 1988 జూలై దాకా 'రామాయణ్'ను ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు ప్రసారం చేసింది. దేశమంతా ఆ వేళకు పనులు సర్దుకుని కూర్చుంది. కథ ఎప్పుడు వస్తుందో జనానికి రూఢిగా తెలియాలి. వేళ మీద భరోసా ఉంటే ప్రేక్షకుడే తన దినచర్యను మార్చుకుంటాడు.

అభిమానపు పొరలు కళ్లకు కమ్మి వ్రాస్తున్నానని కొందరనవచ్చు. అందుకే మరొక నిజం కూడా చెబుతాను. 2003 డిసెంబరులో 'ఫైర్‌ఫ్లై' పద్నాలుగు భాగాలూ సరైన వరుసలో డీవీడీలుగా వచ్చి బాగా అమ్ముడుపోయాయి. ఆ ఊపుతోనే 2005లో యూనివర్సల్ సంస్థ 'సెరెనిటీ' పేరుతో సినిమా తీసింది. ఆ సినిమా థియేటర్లలో పెద్ద లాభాలేమీ తేలేదు. కాబట్టి సరైన వేళలో, సరైన వరుసలో చూపించినా ఈ కథ లక్షలాది ఇళ్లను గెలుచుకునేదని నేను ప్రమాణం చేయను. బహుశా రెండేళ్లు నడిచి ఆగిపోయేదేమో. ఆగిపోతే ఆగిపోనీ. జనం చూసి, వద్దనుకుని, కట్టివేసిన కథ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. సాక్ష్యాన్ని తారుమారు చేసి, ఆ సాక్ష్యం ఆధారంగానే తీర్పు చెప్పి, ఆ తీర్పు కింద నా సంతకం పెట్టడం మీదనే నా కోపమంతా.

ఈ రోజులలో వేళల పీడ చాలావరకు వదిలింది. స్ట్రీమింగ్ సంస్థలలో ఎవరికి వీలైనప్పుడు వారు చూసుకోవచ్చు, వరుస చెడదు. అయినా ఓపిక మాత్రం పెరగలేదు. ఒక్క రోజున ఎనిమిదో పదో భాగాలు గుప్పించి, కొద్ది వారాలకే లెక్కలు తీసి, కథను మధ్యలో తెంచివేయడం అక్కడా జరుగుతున్నది. కారణం అడిగితే వినిపించేది పాత మాటే: ప్రేక్షకులు ఆదరించలేదు. ఆ మాట వినిపించినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేయడం మంచిది. ఏ వేళకు చూపారు? ఏ వరుసలో చూపారు? ఎన్ని వారాలు ఆగారు?

ఇంకా చూడనివారు ఎవరైనా ఉంటే 'సెరెనిటీ' అనే తొలిభాగంతో మొదలుపెట్టండి. పద్నాలుగూ వరుసగా చూశాకనే సినిమా చూడండి. రెంటికీ ఒకటే పేరు కనుక పొరపడకండి. నచ్చుతుందో నచ్చదో మీ ఇష్టం. ఆ తీర్పు చెప్పవలసినది మీరే.