మనం తెల్లవాళ్ళమేనా?

మా లంచ్ టేబుల్ దగ్గర ఏ కబుర్లు మొదలైనా చివరికి గ్రీన్ కార్డు క్యూ దగ్గరికే చేరతాయి. మొన్న ఒక మిత్రుడు "పుట్టిన దేశాన్ని బట్టి క్యూలో నిలబెట్టడమేంటి, ఇదేం న్యాయం బాబూ" అని వాపోతుంటే నాకు భగత్ సింగ్ థింద్ కేసు గుర్తొచ్చింది. చూస్తే అక్కడ ఒక్కరికీ దాని సంగతి తెలీదు.

అప్పట్లో వలస వచ్చినవాడికి అమెరికా పౌరసత్వం కావాలంటే తెల్లవాడన్నా అయ్యుండాలి, ఆఫ్రికా సంతతివాడన్నా అయ్యుండాలి. అది చట్టం. తకావో ఒజావా అనే జపానీయుడు, ఒంటిరంగు చూస్తే మేమూ తెల్లవాళ్ళమే కదా అని సుప్రీం కోర్టు దాకా వెళ్ళాడు. రంగు కాదు లెక్క, తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడు అని 1922 నవంబరులో జస్టిస్ సదర్లాండ్ తేల్చేశారు. మూడు నెలలకే థింద్ వంతు వచ్చింది. పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పటి జాతిశాస్త్రం పుస్తకాల ప్రకారం నేను కాకేసియన్‌నే కదా అన్నాడు. 1923 ఫిబ్రవరిలో అదే సదర్లాండ్ ఏమన్నారో తెలుసా? శాస్త్రంతో పనిలేదట, మామూలు మనిషి ఎవర్ని తెల్లవాడనుకుంటాడో వాడే తెల్లవాడట! రెండు తీర్పులూ ఏకగ్రీవమే. టెస్ట్ పాసయ్యేలా ఉందని స్పెక్ మార్చేయడం మన క్లయింట్లకే అనుకున్నాను ఇన్నాళ్ళూ. (అన్నట్టు సదర్లాండ్ గారూ ఇంగ్లండ్‌లో పుట్టి వలస వచ్చినవారే.)

ఆ తీర్పు చూపించి, అప్పటికే పౌరులైన భారతీయుల నుంచి కూడా పౌరసత్వం లాక్కున్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకునే వైష్ణో దాస్ బాగాయ్ అలా ఏ దేశానికీ చెందనివాడై 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగింది కూడా 1923లోనే. భారతీయులకి తలుపు మళ్ళీ తెరిచిన చట్టం 1946లో గానీ రాలేదు. సుబ్బారావు గారు అమెరికా పౌరుడు కాకుండానే 1948లో పోయారు.

ఇంతవరకూ చెప్తే మావాళ్ళందరికీ రక్తం ఉడికింది. కానీ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది తీర్పు కాదండీ, థింద్ వాదన. ఈ చట్టమే తప్పు అని ఆయన అనలేదు. నేను అగ్రకులం వాణ్ణి, ఆర్యుణ్ణి, మీరు నల్లవాళ్ళని ఎలా చూస్తారో మేమూ మా దేశంలో కిందివాళ్ళని అలాగే చూస్తాం, కాబట్టి నన్ను మీలో కలుపుకోండి.. ఇదీ కోర్టులో ఆయన తరఫు వాదన సారాంశం. ఆ లెక్కన మన ద్రావిడ మొహాలని థింద్ ఏ వరసలో నిలబెట్టేవాడో ఊహించుకోండి.

అలా వాదించకపోతే గెలిచే దారే లేదు, చట్టం అలా ఉంది మరి, అనొచ్చు. నిజమే. కానీ అలా వాదించి కూడా ఓడిపోయాడుగా?

టేబుల్ దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు పెరుగన్నం కలుపుకుంటూ "ఆయన ప్లేసులో మనమున్నా అదే చెప్పేవాళ్ళంలేరా" అన్నాడు. కాదు అందామని నోరు తెరిచాను గానీ, కిందటి నెల మా ఊళ్ళో జరిగిన కులాల వారీ పిక్నిక్కులు గుర్తొచ్చి ఊరుకున్నాను.